రెండో సాక్ష్యం

మూసిన తలుపు అవతల పాట వినిపించిన చోట కిందటి వారం కథను వదిలాం. గొంతు పోయిందని, గుసగుసగా తప్ప మాట్లాడలేదని రెండేళ్ళుగా అందరూ జాలిపడుతున్న, పిచ్చుక అని ముద్దుగా పిలుచుకునే ఆ ఇంటి ఆడపడుచు, ఇంట్లో ఎవరూ లేరనుకుని, అన్నగారి మరమ్మతు గదిలో మైకు ముందు కూర్చుని నిండుగొంతుతో పాడుతోంది. మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చిన కోడలు, అంటే పిచ్చుక వదిన, ఆ పాట విన్నది. తలుపు తట్టలేదు. గొడుగు తీసుకోకుండానే వానలోకి తిరిగి వెళ్ళిపోయింది. విన్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఈలోగా టీవీలో నాలుగో అమ్మాయి కూడా వచ్చి, పెద్ద పెద్ద ప్రార్థన కూటాలు జరిపే ఆ దైవజనుడు తనని ఏం చేశాడో చెప్పింది. మూడేళ్ళపాటు పిచ్చుక పాడింది ఆయన పాటల బృందంలోనే.

ఆ ఇంట్లో పెద్ద గొడవలన్నీ చిన్న వస్తువుల దగ్గరే మొదలవుతాయి. ఆ పొద్దున మొదలైంది వంటింటి క్యాలెండర్ దగ్గర.

"దీన్ని గోడకేసి తిప్పిందెవరు?" అంది అత్తగారు.

కోడలు పొయ్యి దగ్గర నుంచే తల తిప్పి చూసింది. ఏటా దైవజనుడి కార్యాలయం నుంచి వచ్చే క్యాలెండర్ అది. ప్రతి పేజీలోనూ ఆయనే, రెండు చేతులూ పైకెత్తి, తెల్లటి కోటులో. ఇప్పుడు ఆయన ముఖం గోడ వైపు ఉంది. మనకి కనిపించేది ఒట్టి తెల్ల అట్ట.

"ఎవరు తిప్పితే ఏంటి అత్తయ్యా, మళ్ళీ తిప్పుకుంటే సరిపోతుందిగా."

"సరిపోతుందా? గ్యాసు బండ ఎప్పుడు మార్చామో దానిమీదే రాసుకున్నా. తీరా వంట మధ్యలో బండ అయిపోతే ఎవరిని అడగను?"

"బండ కాస్త ఊపి చూస్తే తెలుస్తుంది."

"నా వయసులో బండ ఊపితే ముందు నేనే ఊగుతాను."

అప్పుడే కాఫీ గ్లాసు పట్టుకుని మైకన్న గుమ్మంలోకి వచ్చాడు. సభలకీ ప్రార్థన కూటాలకీ మైకుసెట్లు పెట్టడం ఆయన వృత్తి. అసలు పేరు ఏనాడో ఎగిరిపోయి, సంఘంలో పిల్లా పెద్దా అందరికీ మైకన్న అయిపోయాడు.

"ఒరేయ్, నువ్వా తిప్పింది?"

ఆయన గ్లాసులోకి చూసుకున్నాడు.

"తేలు కుట్టిన దొంగలా నించుంటావేం? అడిగింది క్యాలెండర్ గురించిరా, నీ ఆస్తి గురించి కాదు."

కోడలు దగ్గరకు వెళ్ళి మేకు వైపు చూసింది. పాత పురికొస పోయి, దాని స్థానంలో సన్నటి రాగితీగ ఉంది. బిగుతుగా మెలిపెట్టి, కొస ఎవరి వేలికీ గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది. అలా ముగించడం ఈ ఇంటి పనితనం. మైకన్న తన పనివాళ్ళకి ఎన్నిసార్లు నేర్పినా పట్టుబడలేదు. పట్టుబడింది ఒక్క చెల్లెలికే. రెండేళ్ళుగా ఆ గదిలో తీగలు చుట్టేదీ అతుకులు వేసేదీ పిచ్చుకే.

"నేనే తిప్పాను అత్తయ్యా. గోడ తుడుస్తూ తిప్పి మరిచిపోయాను."

"గోడ తుడిచావా?" అత్తగారు గోడని పైనుంచి కిందికి చూసింది. గోడ మీద నూనె జిడ్డు అలాగే ఉంది. "బాగానే తుడిచావు."

ఆవిడ క్యాలెండర్ని ఇటు తిప్పి, చేతిగుడ్డతో దైవజనుడి ముఖం మీద దుమ్ము తుడిచింది. "లోకమంతా ఆయన మీద బురద చల్లుతోంది. మన ఇంట్లో మనం కూడా వీపు తిప్పించాలా," అంది. అది కోపంగా అనలేదు. బెంగగా అంది.

తర్వాత అందరూ బల్ల చుట్టూ చేరాక అత్తగారు ప్రార్థన చేసింది. ఆమెన్ అనగానే కూతురి వైపు తిరిగింది. "మళ్ళీ కళ్ళు తెరుచుకునే ఉన్నావు. కళ్ళు మూసుకోని ప్రార్థన గొళ్ళెం పెట్టని తలుపులాంటిదే. అటూ ఇటూ ఏదో ఒకటి దూరుతూనే ఉంటుంది."

తల్లి కళ్ళు మూసుకునే ఉంటే తన కళ్ళు తెరిచి ఉన్న సంగతి ఎలా కనిపెట్టిందని పిచ్చుక అడగలేదు. ఒకప్పుడైతే అడిగి, నవ్వి, నవ్వించేది. ఇప్పుడు ఆమె చూపు తలుపు మీద ఉంది. ప్రార్థన జరిగినంతసేపూ ఎప్పుడూ తలుపు మీదే ఉంటుంది.

మధ్యాహ్నం సంఘ కాపరి వచ్చారు. అయ్యగారు అంటే అక్కడ ఆయనే.

ఆ ఇంటి ముందుగది సగం ఇల్లు, సగం దుకాణం. గోడవారగా మనిషెత్తు స్పీకర్ పెట్టెలు, కొక్కేలకి చుట్టలు చుట్టిన నల్లతీగలు, అతుకుల కోసం కరిగించే సీసం ఎప్పుడూ వదలని వాసన. మధ్యలో బెంచీ మీద ఆ రోజు పరీక్షకి పెట్టిన చిన్న స్పీకర్ పెట్టె ఒకటుంది. దాని తీగ గోడకున్న రంధ్రంలోంచి పక్కనున్న మరమ్మతు గదిలోకి వెళ్తుంది. ఆ గదిలో పిచ్చుక పని చేసుకుంటోంది. గోడ పలచన. అక్కడ తీగ చుడుతున్న సరసర ఇక్కడికి వినిపిస్తుంది. ఇక్కడి మాటా అక్కడికి వినిపిస్తుంది.

అయ్యగారు స్టూలు మీద కూర్చుని, సంగతి తిన్నగా చెప్పారు. "ఆదివారం దైవజనుడి సందేశం అన్ని సంఘాల్లోనూ ఒకే వేళకి తెరమీద వస్తుంది. అది అయ్యాక సంఘమంతా లేచి నిలబడి, మేము మీతో ఉన్నాం అని చెప్పాలి. ముందు మైకులో సంఘ పెద్ద అంటాడు, వెనక అందరూ అంటారు. సంఘ పెద్దవీ నువ్వే, మైకూ నీదే. రెండు పనులూ ఒక్క చేత్తో అయిపోతాయి."

"చూద్దాం అయ్యగారూ," అన్నాడు మైకన్న.

ఆయన 'చూద్దాం' వదులైన స్విచ్చులాంటిది. వెలిగిందో ఆరిందో నొక్కినవాడికి తెలియదు.

"ఈసారి చూద్దాం గీద్దాం లేదు. పోయిన ఏడాది కూటాలకి యాంప్లిఫయర్ కాలిపోయిందని ఎగ్గొట్టావు. ఈసారి నీ దుకాణం కాలినా వదలను." అయ్యగారు నవ్వారు. మైకన్న నవ్వలేదు. చేతిలో ఉన్న ప్లగ్గు మూత విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.

కోడలు టీ తెచ్చి ఇచ్చింది. ఇచ్చి లోపలికి వెళ్ళాలి. వెళ్ళలేదు.

"అయ్యగారూ, మేము మీతో ఉన్నాం అని లేచి చెప్పడానికి మనకి ఏం తెలుసు?"

"ఆయన ముప్ఫై ఏళ్ళ సేవ తెలుసు కదమ్మా."

"సేవ తెలుసు. ఇప్పుడు అడుగుతున్నది సేవ గురించి కాదుగా."

అయ్యగారు టీ ఊదుకున్నారు. ఆయన మంచివాడు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు వెళ్ళి కూర్చునేది ఆయనే. ఆమె మాటకి విసుక్కోలేదు. "సేవకుడి మీద నేరం మోపాలంటే ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని వాక్యంలోనే ఉంది. నేను కల్పించింది కాదు."

"నలుగురు వచ్చారు."

"వాళ్ళంతా విశ్వాసం వదిలేసిన వాళ్ళు."

"వదిలేశారా, వదిలించారా?"

మైకన్న చేతిలో ప్లగ్గు మూత కింద పడింది. ఆయన దానికోసం వంగి చాలాసేపు వెతికాడు.

"మాటలు ఎన్నయినా అనొచ్చు," అన్నారు అయ్యగారు. "సాక్ష్యం ఏదీ? ఒట్టి మాట తప్ప ఇంకేముంది వాళ్ళ దగ్గర?"

"సాక్ష్యం అంటే గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం సాక్ష్యాలు చెప్పిస్తాం కదా. పోయిన వారం ఒకాయన మోకాలి నొప్పి పోయిందన్నాడు. ఒకావిడ, తప్పిపోయిన పిల్లి వారం తర్వాత తిరిగొచ్చిందంది. మనం ఎవరినైనా రుజువు అడిగామా? స్తోత్రం అన్నాం, చప్పట్లు కొట్టాం. పిల్లి మాట నమ్మాం అయ్యగారూ. ఆ పిల్లిని మనం చూడను కూడా లేదు."

అయ్యగారికి నవ్వు రాబోయి ఆగింది. "అది దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం. ఇది ఒక మనిషి మీద నింద. రెండూ ఒకటేనా?"

"ఒకటి కాదు. నేనూ అదే అంటున్నాను. ఇది విని చప్పట్లు కొట్టేది కాదు. అబద్ధమని కొట్టేసేదీ కాదు. అడగడం తెలిసినవాళ్ళు కూర్చోబెట్టి అడగాలి. కోర్టులో చెప్పేదాన్ని కూడా సాక్ష్యమనే అంటారు. ఆయన తప్పు చేశాడని నేను అనను, నాకు తెలియదు. తెలియనప్పుడు మైకు పట్టుకుని ఆయనతో ఉన్నామని ఎలా అంటాం? ఆ అమ్మాయిల్లో ఒకరు ఆదివారం మన వెనక బెంచీలో కూర్చుని ఉంటే, ఆ మాట ఆమెకి ఎలా వినిపిస్తుంది?"

"మరి ఏం చెయ్యమంటావు?"

"తేలేదాకా ఆగమంటాను. ఆగినన్నాళ్ళూ దెబ్బ తగిలిందంటున్న వాళ్ళ పక్కన కూర్చోమంటాను. రేపు అది నిజం కాదని తేలినా, పక్కన కూర్చున్నందుకు మనకి పోయేదేమీ లేదు. నిజమని తేలితే, కూర్చోనందుకు పోయేది చాలా ఉంటుంది."

"సరే, ఒకవేళ పడిపోయాడే అనుకో." అయ్యగారు గ్లాసు కింద పెట్టారు. "ఎంతెంత భక్తులైనా పడ్డారు. పడ్డవాణ్ణి లేపాలి గానీ తొక్కకూడదు."

కోడలికి చదువుకున్న రోజుల నుంచీ ఒక అలవాటు. మాటని పట్టుకుని, కూరగాయని తిప్పి చూసినట్టు, పుచ్చు ఎటువైపు ఉందో చూస్తుంది.

"పడ్డాడు, పడ్డాడు అని వారం నుంచీ అందరి నోటా వింటున్నాను. ఎవరి మీద పడ్డాడో మాత్రం ఎవరూ అనరేం?"

పక్కగదిలో తీగ చుడుతున్న చప్పుడు ఆగిపోయింది.

మళ్ళీ నోరు విప్పినప్పుడు అయ్యగారి గొంతు కాపరి గొంతులా లేదు, ఒకప్పుడు బస్సు డిపోలో పనిచేసి జీతమంతా తాగేసిన మెకానిక్ గొంతులా ఉంది. "నేను మారింది ఆయన కూటంలోనే అమ్మా. ఆ రోజు మైకు పెట్టింది మైకన్నే, అడుగు. జేబులో సీసా పెట్టుకుని వెళ్ళి, సీసా అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. ఇప్పుడు ఆయనే అబద్ధమైతే నేనేంటి? నా మార్పు కూడా అబద్ధమేనా?"

కోడలు స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీ మార్పు నిజమో కాదో మీ ఇంట్లో అమ్మగారిని అడగండి, ఆయన్ని కాదు. ఇన్నేళ్ళుగా రాత్రి మీకు తలుపు తీసేది ఆవిడ. తొడుగు ఊడిన తీగలోంచి కూడా కరెంటు వస్తుంది, దీపం వెలుగుతుంది. వెలిగిన దీపం అబద్ధం కాదు. అలాగని ఆ తీగని పిల్లలు తిరిగే చోట వేలాడనిస్తామా?"

ఆ మాట మైకన్నది. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడికీ మొదటిరోజు చెప్పేది. తన మాట భార్య నోట విని ఆయన తలెత్తాడు. ఏదో అనబోయాడు. మళ్ళీ ప్లగ్గు మూత బిగించసాగాడు.

"నువ్వు చెప్పేది ఆలోచిస్తానమ్మా," అన్నారు అయ్యగారు లేస్తూ. "కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు. మా పెద్దదాన్ని నేనే ఆయన పాటల బృందంలోకి పంపాను. డిగ్రీ అయిపోయాక ఏడాదిగా అక్కడే పాడుతోంది. అలాంటిదేమైనా ఉంటే కన్న తండ్రికి చెప్పదా?"

అత్తగారు లోపల్నుంచి వచ్చింది. అయ్యగారు ప్రార్థన చేయకుండా ఏ ఇంటి గడపా దాటరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అందరూ లేచి నిలబడ్డారు.

"ప్రార్థన అంశాలేమైనా ఉంటే చెప్పండి," అన్నారు అయ్యగారు అలవాటుగా. "నాదీ ఒకటుంది. ఆ పెద్దదానికే గొంతు పట్టేసిందట. ముందు దగ్గు వచ్చిందట, ఇప్పుడు పాట అసలు రావడం లేదట. మాట కూడా గుసగుసలాగే వస్తోంది. అచ్చం మీ పిచ్చుకకి వచ్చినట్టే. ఆ బాధ మీకు తెలుసుగా, కాస్త గట్టిగా ప్రార్థించండి."

"అయ్యో, దీనికి ఎంత తేనె పట్టించానని," అంది అత్తగారు. "ఎన్ని ఉపవాసాలున్నానని. పాపం, బిడ్డ."

వాన చప్పుడులో విన్న ఆ నిండుగొంతు కోడలి చెవుల్లో మోగింది. అర్థమవుతున్నది అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది.

అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "పరిశుద్ధుడవైన తండ్రీ," అన్నారు.

బెంచీ మీది పెట్టె గుర్రుమంది. సన్నగా ఈలవేసింది. తర్వాత దాంట్లోంచి ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు వచ్చింది.

"కళ్ళు తెరవండి అయ్యగారూ."

ఆ గొంతు ఎవరిదో ఒక్క క్షణం ఎవరికీ తెలియలేదు. గదంతా నిండే గొంతు, ఎక్కడా జీర లేదు. మరిచిపోయిన గొంతుని ముందు గుర్తుపట్టింది కన్నతల్లే. ఆవిడ పక్కనున్న స్పీకర్ పెట్టె పట్టుకుంది.

"మీ అమ్మాయికి గొంతు పోలేదు. నాకూ పోలేదు. పాట రాకపోతే అక్కడ పనికిరామని ఇంటికి పంపేస్తారు. బయటపడటానికి నాకు కనిపించిన దారి అదొక్కటే. ఇంటికొచ్చాక కూడా పాడితే మళ్ళీ పంపుతారని, పోయిందనే అన్నాను. మీరంతా నా గొంతు కోసం ప్రార్థన చేస్తుంటే ఎక్కడ నిజంగా చూపించాల్సొస్తుందోనని భయపడేదాన్ని."

పెట్టెలోంచి మైకుని దగ్గరకు జరుపుకున్న చప్పుడు వచ్చింది.

"మీ అమ్మాయి పోయిన నెల ఫోన్ చేసింది. నీకు గొంతు ఎలా పోయిందక్కా, చెప్పవా, అంది. ఎందుకు అడుగుతోందో నాకు తెలిసింది, నాకు అర్థమైందని దానికీ తెలిసింది. ముందు దగ్గుతో మొదలుపెట్టమన్నాను."

"పిచ్చుకా," అన్నారు అయ్యగారు. ఎటు చూసి అనాలో తెలియక పెట్టెతోనే అన్నారు.

"పాట సరిచేస్తానని ఆయన తన గదికి పిలిచేవారు. ముందు ప్రార్థన చేద్దాం, కళ్ళు మూసుకో అనేవారు." ఊపిరి. "ఇంతకంటే ఈ పెట్టెలోంచి చెప్పను."

టక్కుమని ఆగిపోయింది.

అత్తగారు ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది. కోడలికి ఆవిడ పొద్దున అన్న మాట గుర్తొచ్చింది, గొళ్ళెం పెట్టని తలుపు. ఆవిడకీ అదే గుర్తొచ్చి ఉంటుంది.

అయ్యగారు జేబులోంచి ఫోన్ తీసి కూతురికి చేశారు. మోగి మోగి ఆగింది. "సాయంత్రం దాకా ఫోన్లు అక్కడ తీసుకుని పెట్టేస్తారు," అన్నారు ఎవరితోనో అన్నట్టు. "మంచి క్రమశిక్షణ అని మొన్న సంఘంలో నేనే మెచ్చుకున్నాను." సాక్ష్యం ఏదని ఆయన అడగలేదు. చెప్పులు ఎడమది కుడికి తొడుక్కుని, సరిచేసుకోకుండానే మెట్లు దిగారు. మొదలుపెట్టిన ప్రార్థనకి ఆమెన్ అనకుండా ఆయన ఒక ఇల్లు దాటడం అదే మొదటిసారి.

మైకన్న నిలబడినచోటే ఉన్నాడు. కోడలు ఆయన వైపు చూసింది, వెళ్ళండి, మీ చెల్లెలు, అన్నట్టు. ఆయన కదల్లేదు. పాపం, కాళ్ళు రావడం లేదు అనుకుని, తనే మరమ్మతు గది తలుపు తట్టింది.

పిచ్చుక బల్ల కింద తీగల చుట్టల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మైకుని శుభ్రంగా తుడిచి గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుంది. కోడలు తీగలు చుట్టే చెక్క చక్రం మీద కూర్చుంది, చెయ్యి చాచితే అందేంత దూరంలో. చెయ్యి మాత్రం చాచలేదు.

"వాన పడినరోజు నువ్వు విన్నావు కదా వదినా," అంది పిచ్చుక. ఇంకా ఆ పెద్దగొంతు వాడటం అలవాటు కాక, మాట మధ్యలో గుసగుసలోకి జారి మళ్ళీ పైకి వస్తోంది. "గొడుగు తలుపు పక్కనే ఉంది. నువ్వు ముద్దగా తడిసి వచ్చావు."

"విన్నాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఏదో ఒక జవాబు అల్లి ఇవ్వాల్సొస్తుంది నీకు. అల్లిన జవాబులు అప్పటికే చాలా మోస్తున్నావనిపించింది."

పిచ్చుక మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుంది. "నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నాను. నిన్ను ఎవరు ఎన్ని అడిగినా పక్కన కూర్చుంటాను. అడిగినకొద్దీ నిలబడేదే నిజం."

కాసేపటికి పిచ్చుకే చెయ్యి చాచి వదిన చెయ్యి పట్టుకుంది. వేళ్ళ కొసలు సీసం వేడికి గరుకుబారి ఉన్నాయి. ఆ వేళ్ళు చూసి కోడలికి పొద్దున సంగతి గుర్తొచ్చింది. "క్యాలెండర్ గురించి అత్తయ్య మళ్ళీ అడిగినా నువ్వేం మాట్లాడకు. నేనే తిప్పానని చెప్పేశాను."

పిచ్చుక అర్థం కానట్టు చూసింది. "క్యాలెండరా? నేను తిప్పలేదు వదినా. ఆ బొమ్మ ఉందని అటు గోడవైపు తలే ఎత్తను. దాన్ని ముట్టుకుంటానా?"

కోడలు ఇంకేదో అడగబోయింది. ముందుగదిలోంచి అత్తగారు పిలిచింది.

ఆ సాయంత్రం అత్తగారే వంట చేసింది. ఎవరినీ రానివ్వలేదు. భోజనానికి అందరూ చేరేసరికి వంటింటి గోడమీద క్యాలెండర్ లేదు. మేకూ రాగితీగా అలాగే ఉన్నాయి. వాటి పక్కన గోడమీదే పెన్సిలుతో పెద్ద అక్షరాల్లో గ్యాసు బండ మార్చిన తేదీ రాసి ఉంది.

అత్తగారు వడ్డించి, కూర్చుని, కూతురి వైపు చూసింది. "ఇవాళ్టి నుంచి మనింట్లో కళ్ళు తెరుచుకునే ప్రార్థన," అంది. నలుగురూ ఒకరినొకరు చూస్తూ కూర్చున్నారు. "తండ్రీ, ఈ భోజనానికి స్తోత్రం. మిగతాది ఎలా అడగాలో నాకు చేతకావడం లేదు. ఆమెన్."

కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ అనలేదు.

"ఆదివారం నేను మైకు పెట్టను," అన్నాడు మైకన్న కంచంలోకి చూస్తూ. "వాళ్ళ తెరకి నా పెట్టె ఒక్కటి కూడా ఇవ్వను. అయ్యగారికి పొద్దున్నే చెప్పేస్తాను."

ఇన్నేళ్ళకి ఒక్క 'చూద్దాం' లేని మాట. కోడలు ఆయన గ్లాసులో నీళ్ళు పోసింది.

"వాళ్ళకి ఇవ్వకు, దీనికి ఇవ్వు," అంది అత్తగారు. "సాక్ష్యాల వేళ అది లేచి నిలబడి చెప్తుంది. నేను పక్కన నిలబడతాను. ఎవరు కాదంటారో నేనూ చూస్తాను."

పిచ్చుక తలెత్తింది. "సంఘంలో కాదమ్మా."

"మరెక్కడ?"

"ఆదివారం చెప్తే నచ్చినవాళ్ళు స్తోత్రం అంటారు, నచ్చనివాళ్ళు ఛీ అంటారు. రెండూ నాకొద్దు. రేపు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. వదిన చెప్పిన రెండో సాక్ష్యం, కోర్టులో చెప్పేది, ఉందిగా, అది చెప్తాను. వాళ్ళు తిప్పి తిప్పి అడుగుతారు. అడగనీ. అది అడిగినకొద్దీ నిలబడుతుంది. అయ్యగారి అమ్మాయిని కూడా ఇంటికి తేవాలంటే ఎవరో ఒకరు ముందు వెళ్ళాలి."

"ఏమేం అడుగుతారో ఏంటో," అంది అత్తగారు.

"నాకు తెలుసు. టీవీలో చెప్పిన నలుగురిలో ఒకామె నాకు స్నేహితురాలు. ఎప్పుడు, ఎక్కడ అని అడుగుతారట. అప్పుడే ఎవరికైనా చెప్పావా, చెప్తే వాళ్ళు ఏమన్నారు అని అడుగుతారట." పిచ్చుక మంచినీళ్ళ గ్లాసుని కాస్త పక్కకి జరిపింది. "నేను ఇంటికి రాకముందే ఒకరికి చెప్పాను, ఫోన్లో, ఏడుస్తూ. ఎవరికీ చెప్పకు అన్నారు. చెప్పలేదు. రేపు ఆ పేరు కూడా చెప్తాను. దాన్ని దాచి నా సాక్ష్యం మొదలుపెట్టను."

"ఎవరికే?" అంది అత్తగారు. "ఎవరికి చెప్పావు?"

పిచ్చుక ఎవరి వైపూ చూడలేదు. ముద్ద కలుపుకుని తినడం మొదలుపెట్టింది.

కోడలి చూపు మాత్రం ఖాళీ మేకు మీదికి వెళ్ళింది. బిగుతుగా మెలితిరిగి, కొస లోపలికి మడిచిన రాగితీగ దీపం వెలుగులో మెరుస్తోంది. అలా మెలిపెట్టడం ఈ ఇంట్లో ఇద్దరికే వచ్చు. తిప్పింది తను కాదని ఒకరు చెప్పారు. రెండోవారు తిప్పారంటే, వారికి ఏదో ముందే తెలిసి ఉండాలి.

ఆమె మెల్లగా తల తిప్పి పక్కన కూర్చున్న భర్తని చూసింది. కంచం నుంచి లేచిన ఆయన చెయ్యి నోటిదాకా వెళ్ళకుండా మధ్యలోనే ఆగిపోయి ఉంది.